నిప్పుపక్షి గుడ్డూ, ఉద్దండకవి శాలువాలూ

కలువకొండ రాజు రణమల్లుడికి ఏదైనా నచ్చిందంటే రాజ్యమంతటికీ నచ్చి తీరాలి. ఆ ఏడు వానాకాలం ఆయనకి ఒక నవల నచ్చింది. పేరు ‘ఏడు చంద్రుల దీవి’. పది సంపుటాలు. ఒక్కొక్కటీ తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు.

సామంతులంతా పొంగిన వాగుల అవతల తమ తమ కోటల్లో చిక్కుకుని ఉన్నారు. అయినా ఇబ్బంది లేదు. ఆ రాజ్యంలో ఏనుగులూ పల్లకీలూ ఉన్నట్టే సెల్‌ఫోన్లూ ఉండేవి. కథ కదా, ఉంటాయి. నవలని పట్టుగుడ్డలో కట్టి, లక్కముద్ర వేసి అందరికీ పంపించారు. దాని మీద ఆన్‌లైన్‌లో చర్చ నడపమని గ్రంథాలయం చూసే చెంగల్వకి ఆజ్ఞ అయింది.

మొదటి చర్చ తమలపాకు నమిలినంత సేపు కూడా నడవలేదు. రాజుగారు గొంతు సవరించుకుని పుస్తకం అద్భుతమన్నారు. అందరూ అద్భుతమన్నారు. తెర నిండా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. ఆపైన అంతా నిశ్శబ్దం. మైకు ఆపడం మరిచిపోయిన సామంతుడొకాయన గురక మాత్రం వినిపించింది.

పాపం, వాళ్ళని అనడానికీ లేదు. ప్రభువు నోరు విప్పాక కాదనడం ఆ కొలువులో ఆచారం కాదు. విప్పకముందు మాట్లాడటం అసలే కాదు.

రాజుగారికి ఒళ్ళు మండింది. ఆ మంట ఆరేలోపే ఆస్థానకవి ఉద్దండకవి అందుకున్నాడు. చర్చ నడపడం చేతకాని మనిషికి అంత పెద్ద గ్రంథాలయ మందిరమెందుకు, తనకిస్తే సన్మానాల్లో కప్పిన శాలువాలు వేలాడదీసుకుంటానన్నాడు. ఆ శాలువాలు బీరువాలు నిండి, మంచాలెక్కి, వంటింటి అటకదాకా వచ్చాయని ఊళ్ళో చెప్పుకునేవారు.

"పౌర్ణమికి ఇంకో చర్చ పెట్టు" అన్నారు రాజుగారు. "మళ్ళీ అందరూ తలలూపారో, మందిరం కవిగారిది."

చెంగల్వ ఒక్క కోరిక కోరింది. తను పిలిచేదాకా ప్రభువులు వింటూ ఉండాలి తప్ప ముఖం చూపించకూడదు, నోరు విప్పకూడదు. రాజుగారు గొణుగుతూనే ఒప్పుకున్నారు.

అప్పటినుంచీ చెంగల్వ ఫోను మోగుతూనే ఉంది. ఆ నవలలో చీకటి దీవికి వెలుగు తేవాలని మేఘవతి అనే రాణి నిప్పుపక్షి గుడ్డు ఎత్తుకొస్తుంది. గుడ్డు కోసం తల్లిపక్షి ఊళ్ళు తగలబెడుతుంది. ఎవరిది న్యాయమో ఒక్కరూ అడగలేదు. ప్రభువులు ఎవరి పక్షమో చెప్పమని మాత్రం అందరూ గుసగుసగా అడిగారు. ఆమె విసుక్కోకుండా కొందరికి రాణి పక్షమని, కొందరికి పక్షి పక్షమని చెప్పింది. ఎవరితోనూ అనవద్దంది. ఉత్తినే ఔనంటే ప్రభువులు నమ్మరు, పుస్తకంలోంచి చూపించాలి అని కూడా చేర్చింది.

ఉద్దండకవీ ఫోన్ చేశాడు. రాణి పక్షమని విన్నాడు. నమ్మకం కుదరక బావమరిదితో మళ్ళీ చేయించాడు. అతగాడు పక్షి పక్షమని విన్నాడు. ఎందుకైనా మంచిదని కవిగారు రెండు ఉపన్యాసాలు రాసుకున్నాడు.

పౌర్ణమి వచ్చింది. తెర మీద రాజుగారి చోట కిరీటం బొమ్మ ఒక్కటే ఉంది. గుడ్డు తేవడం న్యాయమేనా అని చెంగల్వ అడిగింది.

ముసలి సామంతుడు ఎర్రమనాయకుడు ముందుకొచ్చాడు. అమ్మ ముఖం ఎలా ఉంటుందో తెలియకుండా చీకట్లో పెరిగిన పసివాళ్ళ గురించి మూడో సంపుటం తీసి చదివాడు. న్యాయమే అని బల్ల గుద్దాడు.

వాగుకోట ఏలే నాగసాని ఊరుకోలేదు.

"మా ఇంట్లో దీపం లేదు, మీ మనవణ్ణి పట్టుకెళ్ళి వెలిగించుకుంటానంటే ఇస్తారా మావయ్యా?"

ఇక చూడాలి. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పేజీలు తిప్పే చప్పుడు వాన చప్పుణ్ణి మించిపోయింది. ఎవరింట్లోనో పాలు పొంగిపోయినా ఎవరూ లేవలేదు.

ఉద్దండకవి మొదట రాణిని ఆకాశానికెత్తాడు. కాసేపటికి పక్షి వాళ్ళ గొంతు పెరిగింది. ఆయన రెండో ఉపన్యాసం తీశాడు.

"కవిగారూ, ఇందాక గుడ్డు తెచ్చారు, ఇప్పుడు తిరిగిచ్చేస్తున్నారు" అంది నాగసాని. "ఇంతకీ మీరెటు?"

అందరూ నవ్వారు. కవిగారికి తల కొట్టేసినట్టయింది.

"మోసం ప్రభూ. తమరి అభిప్రాయం ఈవిడ నాకొకటి చెప్పింది, మా బావమరిదికి ఇంకొకటి చెప్పింది."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. కిరీటం బొమ్మ పోయి రాజుగారి ముఖం కనిపించింది. నా మాటని రెండు చేశావా అని ఆయన నెమ్మదిగా అడిగారు.  చెంగల్వ తొణకలేదు.

"రెండూ తమరన్నవే ప్రభూ. మొదటి సంపుటం తిరిగిస్తూ రాణిది న్యాయమన్నారు. మూడోది తిరిగిస్తూ, తల్లిపక్షి ఏడుపు చెవిలోంచి పోవడం లేదన్నారు.

పది సంపుటాల పుస్తకం మీద మొదటినుంచీ ఒకటే అభిప్రాయం ఉండేది చదవనివాళ్ళకే."

రాజుగారి మీసం కదిలింది. కవిగారు కోపంగా లేవబోయాడు. ఫోను జారి వెనక్కి తిరిగి పడింది. అంతసేపూ దాన్ని దేనికి ఆనించి పెట్టాడో తెరంతా కనిపించింది. పది సంపుటాల కట్ట. పట్టుగుడ్డ విప్పలేదు. లక్కముద్ర చెదరలేదు.

ఆ నవ్వు వాగులు దాటి వినపడింది. అది కాస్త తగ్గాక ఎర్రమనాయకుడు చేతులు జోడించి, ఇంతకీ ప్రభువులు ఇప్పుడెవరి పక్షమో సెలవివ్వమన్నాడు.

రాజుగారు కొంచెం సిగ్గుపడ్డారు. "నేనింకా నాలుగో సంపుటంలోనే ఉన్నానయ్యా. మీరు తొమ్మిదోది ఎత్తినప్పుడల్లా చెవులు మూసుకుంటున్నాను. చివరికేమైందో ఎవరైనా చెప్పారో, కోట లాగేసుకుంటాను."

గ్రంథాలయం చెంగల్వకే ఉండిపోయింది. దాని పక్కనున్న ఇంకో మందిరం కూడా కలిసొచ్చింది. ఇంకేం కావాలో కోరుకోమన్నారు రాజుగారు. వానాకాలం చెమ్మ తగలకుండా పుస్తకాలకి చుట్టడానికి మెత్తటి గుడ్డలు కావాలంది చెంగల్వ.

అవి ఎవరింట్లో అటకదాకా ఉన్నాయో రాజుగారికి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేకపోయింది.