ఇరవై గుడ్డల అచ్చియ్యమ్మ

అనగనగా అనగానే మీరంతా రాజుగారి కోసం చూస్తారు. ఈ కథలో రాజు లేడు, కోట లేదు. ఒక వీధి ఉంది. దాన్ని షెడ్ల వీధి అనేవారు. కార్ల ముందు ఇనుపకడ్డీ పెట్టి, బలంకొద్దీ తిప్పితే గానీ ఇంజను లేవని కాలం అది. ఎప్పుడని మాత్రం అడక్కండి. మా తాత చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వీధిలో అచ్చియ్యమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఇల్లిల్లూ తిరిగి చిరిగిన పంచెలూ చీరలూ కొనేది. వాటిని ముక్కలు చేసి, షెడ్లలో కార్లు బాగుచేసే మేస్త్రీలు చేతులు తుడుచుకోవడానికి అమ్మేది. మసి పట్టిన గుడ్డలు మళ్ళీ తెచ్చుకునేది. చాకలి సోడా వేసి ఉడకబెట్టేది, ఉతికేది, ఆరేసేది. మళ్ళీ అమ్మేది. అలా ముప్పై ఏళ్ళు ఆ వీధి మసంతా ఉతికింది. ఇంక ఆవిడకి తెలియని మసి ఏముంటుంది చెప్పండి?

గుడ్డ మీద మరక చూస్తే చాలు, బండికి ఏ జబ్బు చేసిందో చెప్పేసేది. అందుకని మేస్త్రి పెద్ద రిపేరు చెప్పినప్పుడల్లా జనం ఆమె గుడిసెకి వచ్చేవారు. ఎవరొచ్చినా ఆమెది ఒకటే మాట.

"ఇప్పుడు చెప్పను. మూడు పొద్దులు ఆగు."

మూడో పొద్దున చెప్పేది. "ఇంజను విప్పక్కర్లేదు నాయనా, గొట్టం మార్చుకో చాలు" అని ఒకడికి. "ఏం లేదు, ఆ బోల్టు బిగించుకో" అని ఇంకొకడికి. దాంతో అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్తే రిపేరు తప్పిపోతుందని పేరు పడింది. ఆమె అలా ఎప్పుడూ అనలేదు. జనమే అనుకున్నారు. మనకి కావలసిన మాట మనమే అల్లుకుంటాం కదా!

పదకొండు మైళ్ళ అవతల ఊళ్ళో బుల్లబ్బాయి అని ఒక డ్రైవరు ఉండేవాడు. అతని భార్య మాణిక్యం. తొలి కాన్పుకి ఆమెను ఎడ్లబండిలో షెడ్ల వీధి ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రసవమైంది. బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖంతోనే ఉన్న అరెకరం అమ్మి, పాత కారు ఒకటి కొన్నాడు బుల్లబ్బాయి. ఇప్పుడు మాణిక్యానికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. సరిగ్గా ఇప్పుడే ఆ కారు మొరాయించింది. వెనక తెల్లటి పొగ. నాలుగు మైళ్ళు పోతే చాలు, వేడెక్కి ఆగిపోవడం.

బుల్లబ్బాయి షెడ్ల వీధికి వచ్చి మొదటి షెడ్డులో అడిగాడు. అది వీరభద్రం షెడ్డు, వీధిలో అన్నిటికన్నా పెద్దది.

"ఇంజను పోయింది. కొత్తది వెయ్యాల్సిందే" అన్నాడు వీరభద్రం. మూడు పాడిగేదెల ధర చెప్పాడు.

రెండో షెడ్డులో అడిగాడు. అది కొండబాబుది.

"దీనికింత కంగారెందుకు బావా? చిక్కటి ఆయిలు పోయిస్తా, పరిగెడుతుంది" అన్నాడు కొండబాబు. ఒక కోడిపుంజు ధర చెప్పాడు.

మూడో షెడ్డులో అడిగాడు. అది మస్తాన్ మేస్త్రిది.

"ఇంజను విప్పాలి. పైనున్న హెడ్డుకీ కింద ఇంజనుకీ మధ్య ఒక రేకు ఉంటుంది. అది కాలిపోయినట్టుంది" అన్నాడు మస్తాన్. ఒక పాడిగేదె ధర చెప్పాడు.

బుల్లబ్బాయికి ఉన్నదే ఒక పాడిగేదె. తలపట్టుకుని అచ్చియ్యమ్మ గుడిసె ముందు కారు ఆపాడు.

"మామ్మా! ఒకడు మూడు గేదెలంటాడు, ఒకడు కోడంటాడు, ఒకడు గేదంటాడు. ఎవర్ని నమ్మేది?"

"ఇప్పుడు చెప్పను. మూడు పొద్దులు ఆగు. బండి మటుకు కదపకు" అంది అచ్చియ్యమ్మ. కారు రేడియేటరు నిండా నీళ్ళు పోయించింది. కింద తెల్లటి గుడ్డ పరిచింది.

మొదటి పొద్దున గుడ్డ తీసి చూసింది. ఒక్క చుక్క లేదు.

"చూశావా, ఏమీ కారలేదు!" అని బుల్లబ్బాయి సంబరపడ్డాడు.

"కారలేదు సరే. నిన్న పోసిన నీళ్ళు చెంబుడు తగ్గాయి. అవెక్కడికి పోయాయి?" అంది అచ్చియ్యమ్మ.

రెండో పొద్దున ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగించింది. తెల్లటి గుడ్డతో తుడిచింది. గుడ్డ మీద నల్లటి ఆయిలు లేదు. పాలు ఎక్కువైన టీ రంగులో ఏదో జిగురుగా అంటుకుంది.

"అదీ సంగతి. నీళ్ళు ఆయిల్లోకి పోతున్నాయి" అంది.

మూడో పొద్దుకి వీధంతా గుడిసె ముందే ఉంది. అచ్చియ్యమ్మ చల్లటి ఇంజనుని కాసేపు తిప్పించింది. పొగ గొట్టం దగ్గర తెల్లటి గుడ్డ పట్టుకుంది. గుడ్డ తడిసింది. కానీ ఆయిలు జిడ్డు తగల్లేదు.

"ఆయిలు తాగడం లేదు కాబట్టి లోపల పిస్టన్లు బాగానే ఉన్నాయి. కొత్త ఇంజను అక్కర్లేదు. ఆయిల్లో నీళ్ళున్నాయి కాబట్టి చిక్కటి ఆయిలు పోస్తే లాభం లేదు. మస్తాన్ చెప్పిందే నిజం. ఇంజను విప్పించు నాయనా."

బుల్లబ్బాయి ముఖం మాడిపోయింది. విప్పక్కర్లేదనే మాట కోసం కదా మూడు పొద్దులూ పడిగాపులు కాసింది!

"నీకు మస్తాన్ ఎంత ఇస్తున్నాడే ముసలీ?" అనేశాడు.

వీరభద్రం పకపకా నవ్వాడు. "గుడ్డలుతుక్కునేదాన్ని ఇంజను సంగతి అడిగితే ఇంతే మరి!"

అచ్చియ్యమ్మ ముందు వీరభద్రం వైపు తిరిగింది.

"అవును బాబూ, గుడ్డలే ఉతుకుతాను. ఒక్క ఇంజను విప్పితే ఇరవై గుడ్డలకి తక్కువ కాకుండా మసి పడుతుంది. పోయిన నెల నువ్వు మూడు ఇంజన్లు విప్పానన్నావు. నీ షెడ్డు నుంచి నాకొచ్చినవి తొమ్మిది గుడ్డలు. మిగతావి తిన్నావా?"

వీధి వీధంతా ఘొల్లుమంది. వీరభద్రం నవ్వు ఆగిపోయింది. ఆమె గుడ్డల్లో సగం కొనేది అతనే. ఆ బేరం ఆ పూటతో పోయిందని అచ్చియ్యమ్మకి తెలుసు. తెలిసే అంది.

తర్వాత బుల్లబ్బాయి వైపు తిరిగింది.

"ఆ కారులో నువ్వొక్కడివే తిరిగితే పోయి కోడిపుంజు ఆయిలు పోయించుకో, నాకేం? నొప్పులు పడే పిల్లని ఎక్కిస్తావు. అందుకే చెప్తున్నాను. విప్పించు."

బుల్లబ్బాయి తలొంచుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు గేదెని అమ్మాడు. మస్తాన్ ఇంజను విప్పాడు. మధ్య రేకు బొటనవేలంత మేర కాలిపోయి ఉంది. మస్తాన్ రేకు మార్చాడు, హెడ్డు చదును చేయించాడు, ఆయిలంతా పారబోసి కొత్తది పోశాడు. పని అయ్యేసరికి ఇరవై ఒక్క గుడ్డలకి మసి పట్టింది.

పన్నెండు రోజులకి జోరువానలో మాణిక్యానికి నొప్పులు మొదలయ్యాయి. వెంటనే కారులో బయల్దేరారు. కారు మూడు మైళ్ళు పోయింది, ఆగలేదు. నాలుగో మైలు దాటింది, ఆగలేదు. పదకొండు మైళ్ళూ పోయి ఆసుపత్రి గుమ్మం ముందే ఆగింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

బుల్లబ్బాయి అటునుంచి అటే గుడిసెకి వచ్చాడు. అచ్చియ్యమ్మ ఆరేస్తున్న తడిగుడ్డలు అందుకుని, తాడు నిండేదాకా అతనే ఆరేశాడు. ఆ కారు ఆ పిల్ల పెళ్ళిదాకా తిరిగింది.

ఇక జనం ఊరుకుంటారా? ఇంజను విప్పామని ఏ మేస్త్రి అన్నా "గుడ్డలేవీ?" అని అడగడం మొదలెట్టారు. వీరభద్రం ఏడాదిపాటు ఆమె దగ్గర గుడ్డ కొనలేదు. కానీ గుడ్డలు చూపించకపోయేసరికి అతని షెడ్డుకి జనం రావడం మానేశారు. చేసేది లేక కొన్నాడు. కొన్నాక నిజంగానే విప్పడం మొదలెట్టాడు.

ఒక ఎండాకాలం అచ్చియ్యమ్మ పోయింది. ఆ రోజు వీధిలో షెడ్లన్నీ మూసేశారు. ఆఖర్న వీరభద్రం వచ్చాడు. అప్పటికి అతనూ ముసలివాడే. చేతిలో మసిగుడ్డల మూట. దాన్ని ఆమె పాదాల దగ్గర పెట్టాడు.

"నిన్న ఒక ఇంజను విప్పాను అచ్చియ్యమ్మా. ఇరవై రెండు. లెక్క చూసుకో" అన్నాడు. అని భోరున ఏడ్చాడు. నవ్వినవాడే ఏడ్చాడు.

ఇప్పటికీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే, అక్కడి డ్రైవర్లు రోజూ పొద్దున్నే ఆయిలు పుల్లని తెల్లగుడ్డతో తుడిచి చూస్తారు. ఇప్పటికీ ఆ వీధిలో ఇంజను విప్పితే, మేస్త్రి కారు తాళం ఊరికే ఇవ్వడు. ముందు మసిగుడ్డల మూట చేతికిస్తాడు. కొత్తవాళ్ళు చేతులు మురికవుతాయని మొహం చిట్లిస్తారు, ఇవి మాకెందుకంటారు.

"అచ్చియ్యమ్మ లెక్కండీ. మీరే లెక్కపెట్టుకోండి" అంటాడు మేస్త్రి. ఇరవై లెక్కపెట్టేదాకా తాళం ఇవ్వడు.