మొగిలిలంక పడవగుడి

పూర్వం, గౌతమీ నది సముద్రంలో కలిసే ముందు తన వేగమంతా విడిచి పాయలుపాయలుగా పరుచుకునే చోట, నాలుగు వైపులా జలంతో ఆవరింపబడి మొగిలిలంక అనే చిన్న ద్వీపం ఉండేది. గట్ల వెంట దట్టంగా పెరిగే మొగిలి పొదల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. లంకకు తూర్పు భాగం పల్లపు నేల. ఏటేటా వరద తెచ్చి పోసే ఒండ్రుతో పొగాకూ మిరపా పుష్కలంగా పండే ఆ నేల మునసబు పేరయ్యగారిదీ, ఆయన బంధువర్గానిదీ. పడమటి భాగంలో గాలి పోగుచేసిన ఎత్తయిన ఇసుకతిప్ప ఉండేది. ఊరివారు అంటరానివారని దూరంగా ఉంచిన కుటుంబాలు గడ్డి కూడా సరిగా మొలవని ఆ తిప్ప మీద తాటాకు గుడిసెలు వేసుకుని, తూర్పు పొలాల్లో కూలికి పోతూ, ఏట్లో చేపలు పడుతూ కాలం గడిపేవి.

ఆ తిప్పవాసులలో బంగారయ్య అనే ధర్మశీలికి, తండ్రి చేయించి ఇచ్చిన ఒక నావ ఉండేది. లంకలో పండిన పొగాకును అవతలి రేవుకు చేరవేసి, తిరుగు ప్రయాణంలో ఉప్పూ కిరసనాయిలూ తెచ్చి, అతడూ అతని భార్య మాణిక్యమూ ఎవరి ముందూ చేయి చాపకుండా జీవించేవారు. తిప్ప మొత్తం మీద సొంత ఆస్తి అని చెప్పదగినది ఆ నావ ఒక్కటే.

ఇలా ఉండగా ఒక వేసవిలో లంకలో వాంతిభేది ప్రబలి, తిప్ప మీద ఇంటింటా శవం లేచింది. బతికినవారు చచ్చినవారిని తాకడానికి భయపడి గుడిసెలు విడిచి ఏటి ఒడ్డుకు చేరారు. ఆ ఘోర సమయంలో అవతలి ఒడ్డున ఉన్న ప్రెస్బిటేరియన్ క్రైస్తవ మిషను నుంచి దేవవరం అనే ఉపదేశి మందుల సంచితో బంగారయ్య నావలో వచ్చి, రోగుల పక్కన కూర్చుని, వారి మలినాన్ని తన చేతులతో కడిగి, మోసేవారు లేని పాడెకు తన భుజం పట్టాడు. మహమ్మారి శాంతించిన పిమ్మట ఆయనను తిరిగి రేవుకు చేరుస్తూ బంగారయ్య, "పంతులుగారూ, మీకు మేం ఏమీ కాము గదా. మరి మా శవాల్ని ఎందుకు మోశారండీ?" అని అడిగాడు.

"నన్ను మోసినవాడు ఒకాయన ఉన్నాడు బంగారయ్యా. ఆయన కథ చెబుతాను, తెడ్డు కాస్త నెమ్మదిగా వెయ్యి" అన్నాడు దేవవరం.

ఆనాడు ఆ నావ రేవు చేరేసరికి పొద్దు వాలిపోయింది. మరునాడు బంగారయ్య పొగాకు కట్టలు ఎత్తించుకోవడానికి వెళ్ళకుండా, దేవవరాన్ని మళ్ళీ తిప్ప మీదికి తీసుకువచ్చి, తాను విన్న కథను అందరికీ చెప్పించాడు. ఆ సంవత్సరం చలికాలంలో తిప్పవాసులు అనేకులు గౌతమీ జలాల్లోనే బాప్తిస్మం పొందారు. తాటాకులు కోసే సన్యాసి అనే అతను పేరు మార్చుకుని సీమోను అయ్యాడు. వలలు అల్లే వృద్ధుడు యాకోబు అయ్యాడు. బంగారయ్య మాత్రం తల్లి పెట్టిన పేరు మార్చుకోనన్నాడు, దేవవరమూ మార్చమనలేదు.

ఈ ప్రెస్బిటేరియన్ శాఖవారిలో బిషప్పు అనే అధిపతి ఉండడు. సంఘస్థులే తమలోనుంచి పెద్దలను ఎన్నుకుంటారు. ఆ పెద్దలూ బోధకుడూ ఒకే చాప మీద కూర్చుని, ఆలోచించి, కలిసి తీర్మానం చేస్తారు. ఈ పద్ధతి ప్రకారం బంగారయ్య, సీమోను, యాకోబు పెద్దలుగా ఎన్నికైన నాడు తిప్ప మీద చాలామంది కన్నీరు పెట్టుకున్నారు. పుట్టినది మొదలు "ఒరే" అన్న పిలుపే తప్ప ఎరుగనివారిని పెద్దలని పిలవడం వారికి బాప్తిస్మం కంటే పెద్ద విశేషంగా తోచింది.

ఆ మాటే మునసబు పేరయ్యగారికి గిట్టలేదు. ఆయన స్వభావతః క్రూరుడు కాడు, కాని లంకలో ఏ తగవు వచ్చినా తన అరుగు ముందే తీరాలని నమ్మినవాడు. తిప్పవారు తమ తగవులు తామే తీర్చుకోవడం మొదలుపెట్టగానే ఆయన మనస్సు కలతచెందింది. వారు ప్రార్థనామందిరం కట్టుకోదలిచారని విని, తూర్పు తోటల్లోంచి కర్ర గాని ఆకు గాని తిప్ప మీదికి పోరాదని శాసించాడు. తిప్ప మీద ఒక్క చెట్టయినా లేదు. సీమోను తెగించి తాటాకులు కోసుకు వస్తుండగా మునసబు మనుషులు పట్టుకుని, పొగాకు ఆరబెట్టే కొట్టం రాటకు కట్టి కొట్టారు. ఆ దెబ్బలతో అతడి ఎడమ చేయి తరువాత ఎన్నడూ భుజం దాటి లేవలేదు. సంఘం ఎండలో కూర్చుని ఆరాధించింది, వాన వచ్చిన ఆదివారం ఎవరి గుడిసెలో వారు ప్రార్థించుకున్నారు. కొన్నాళ్ళకు జనం పలచబడసాగింది.

అప్పుడు బంగారయ్య తన నావను సంఘానికి సమర్పిస్తానన్నాడు. దానిని తలకిందులు చేసి స్తంభాల మీద నిలిపితే కప్పు అవుతుందని అతడి ఆలోచన. ఈ మాట ముందుగా మాణిక్యానికి చెప్పగా, ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"నావ బోర్లిస్తే మన పొయ్యి కూడా బోర్లించినట్టే మావా" అంది.

"తెలుసే."

"తెలిసే అంటున్నావా?"

"వానొస్తే సంఘమంతా చెదిరిపోతంది. చూడలేకపోతున్నాను."

మాణిక్యం కన్నీరు తుడుచుకుని, "అయితే నాలుగు రోజులు ఆగు. లోపలంతా పొగాకు కంపు. కడగాలి" అంది.

అవతలి ఒడ్డు నుంచి మిషనువారు పంపిన తాటి మొద్దులను స్తంభాలుగా పాతి, స్త్రీపురుషులందరూ భుజాలు కలిపి ఆ నావను బోర్లించి పైకెత్తి మోకులతో బిగించారు. చుట్టూ మట్టి గోడలు లేచాయి. దేవవరం కుటుంబంతో వచ్చి తిప్ప మీదనే కాపురం పెట్టి, ఆదివారాలు ఆరాధనా, తక్కిన రోజుల్లో బడీ ఆ నావ నీడలోనే జరిపించాడు. స్త్రీలు అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి సంఘానికి దాచేవారు. బంగారయ్య ఇతరుల పడవల మీద కూలికి తెడ్డు వేశాడు. చుట్టుపక్కల లంకల నుంచి కూడా జనం వచ్చి, లోపల చోటు చాలక గోడల బయట నిలబడి కీర్తనలు పాడే స్థితి ఏర్పడింది.

కొన్ని సంవత్సరాలకు ఒక శ్రావణమాసంలో గౌతమి మహోగ్రరూపం దాల్చింది. ఆదివారం ఉదయం తిప్పవారు ఆరాధనకు చేరేసరికి తూర్పు భాగమంతా ఎర్రని నీటి కింద మునిగి ఉంది. రేవులో కట్టిన పడవలన్నీ తెగి కొట్టుకుపోయాయి. ఇళ్ళ కప్పుల మీదికీ మునసబుగారి మేడ మీదికీ ఎక్కిన తూర్పువారు గుడ్డలు ఊపుతూ కేకలు వేస్తున్నారు, ఆ కేకలు గాలికి తెగి తెగి వినవస్తున్నాయి. లంకలో మిగిలిన నావ ఒక్కటే. అది అందరి తలల మీద ఉంది.

దేవవరం కీర్తన ఆపి పెద్దలను పిలిచాడు. అక్కడికక్కడే నిలబడి ఆలోచన సాగించారు.

యాకోబు తల పైకెత్తి నావను చూసి, "ఏళ్ళ తరబడి ఎండకి ఎండిన నావ. సందులన్నీ విచ్చుకుని ఉంటాయి. ఏట్లో దించితే మనవాళ్ళే పోతారు" అన్నాడు.

అందరూ బంగారయ్య వైపు చూశారు. అతడు తల వంచుకుని, "ఇచ్చేసినదాన్ని మళ్ళీ అడగడానికి నాకు నోరు రాదు. సంఘం ఏది చెబితే అది" అన్నాడు.

అప్పుడు సీమోను బయటికి నడిచి, తూర్పు వైపు చాలాసేపు చూసి, తిరిగి వచ్చాడు. "నన్ను రాటకి కట్టించినాయన ఆ మేడ మీద ఉన్నాడు. ఆయన చంకలో మనవరాలు కూడా ఉంది" అన్నాడు. "పంతులుగారూ, ఆ పిల్ల మునిగిపోతుంటే దీని కింద కూర్చుని నేను ప్రార్థన చెయ్యలేనండి." ఇలా అని, లేచే కుడి చేత్తోనే స్తంభానికి బిగించిన మోకు ముడి విప్పసాగాడు. మరొక మాట అవసరం లేకపోయింది.

నావ దిగింది. విచ్చిన సందుల్లో కొబ్బరిపీచు కుక్కారు. అది చాలక స్త్రీలు తమ చీరల కొంగులు చింపి ఇచ్చారు. ఇంకా ఒక సందు మిగిలితే, దేవవరం రొట్టె ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లని వస్త్రం తెచ్చి తానే చింపి అందించాడు. బంగారయ్య, సీమోను, మరి కొందరు యువకులు దానిని ఏట్లోకి తోశారు. నది పని ఎరిగిన వారెవరూ ఆ నావ నిలుస్తుందని నమ్మలేదు. పలకలు చెమ్మగిల్లాయి గాని నీరు లోపలికి పొంగలేదు. సుళ్ళు తిరిగే ప్రవాహం దానిని పక్కకు నెట్టింది గాని పడదోయలేదు. దైవకృప అని సంఘం చెబుతుంది. బంగారయ్యను అడిగినవారికి, తన చేతుల కింద తెడ్డును మరెవరో కూడా పట్టినట్టు ఉందని మాత్రమే అతడు చెప్పేవాడట.

నావ పలుమార్లు వెళ్ళి వచ్చింది. పేరయ్యగారు మనవరాలిని మొదటి విడతలోనే సీమోను చేతికి అందించి, తాను మాత్రం ఆడవారూ పిల్లలూ పాలేర్లూ అందరూ దాటేవరకు కదలలేదు. చివరి విడతలో ఆయన ఎక్కి, తడిసిన పలకలను తడిమి చూసి, "ఇది మీ గుడి కదురా?" అన్నాడు.

"అవునండి" అన్నాడు సీమోను.

"మరి రేపటి నుంచి ఎక్కడ కూర్చుని దణ్ణం పెట్టుకుంటార్రా?"

"ముందు మీరు కూర్చోండి బాబూ, నావ ఒరుగుతోంది."

మునసబుగారు కూర్చున్నారు. సీమోను పక్కన, భుజానికి భుజం తగిలేలా.

అందరూ తిప్ప మీద దిగిన వెంటనే, ఒడ్డుకు కట్టబోతుండగా, ఆ నావ నడిమికి రెండుగా విచ్చి నదిలో కొట్టుకుపోయింది. బంగారయ్య మోకాళ్ళ లోతు నీటిలో నిలబడి అది కనుమరుగయ్యేవరకు చూశాడు. మాణిక్యం వెళ్ళి అతడి చేయి పట్టుకుని వెనక్కు తీసుకువచ్చింది. వరద తీసేవరకు తిప్పవారు దాచిన పిడికెటి బియ్యంతో ఒకే బానలో గంజి కాగింది. అంతకు ముందు తిప్పవారి చేతి నీళ్ళు తాకనివారు ఆ గంజి తాగారు. తరువాతి ఆదివారం సంఘం కప్పు లేని మట్టి గోడల మధ్య కూర్చుంది. ఆరాధన సగంలో వాన అందుకుంది. ఎవరైనా లేస్తారేమోనని దేవవరం ఒక్క క్షణం ఆగాడు. ఎవరూ లేవలేదు. గోడ బయట పేరయ్యగారు మనవరాలిని ఉత్తరీయం కింద దాచుకుని, చివరి కీర్తన వరకు తడుస్తూ నిలబడ్డారు.

పేరయ్యగారు బాప్తిస్మం పొందలేదు, తన దేవుళ్ళను విడువలేదు. కాని వరద తీసిన తరువాత తన తోటలోని మద్ది చెట్లు తానే దగ్గరుండి కొట్టించి, దూలాలను తిప్ప మీదికి మోయించారు. తన మనుషులను పంపకుండా తానే సీమోను గుడిసెకు వెళ్ళి, ఆ లేవని చేతిని పట్టుకున్నారని చెబుతారు. ఓడలు కట్టే వడ్రంగి ఒకడు వచ్చి, ఆ దూలాలతో కొత్త మందిరానికి పైకప్పును నావ అడుగు వలె వంపుగా నిర్మించాడు. తూర్పువారిలో కొన్ని కుటుంబాలు కాలక్రమాన సంఘంలో చేరాయి. తరువాతి ఎన్నికలో వారిలోని ఒకరు పెద్దగా ఎన్నికై, సీమోనుతో ఒకే చాప మీద కూర్చున్నారు. బడి పెరిగింది. దేవవరం కుమారుడు గురువుగా అభిషేకం పొంది అక్కడే సేవ చేశాడు.

నేటికీ కాగితాల మీద ఆ ఊరు మొగిలిలంకే గాని, రేవులో పడవవాళ్ళు "పడవగుడికి వస్తారా?" అనే పిలుస్తారు. శ్రావణమాసంలో ఒక ఆదివారం మాత్రం ఆ చక్కని కప్పు కింద ఎవరూ కూర్చోరు. తలుపులు తీసి ఉంచి, సంఘమంతా బయట ఇసుకలో చాపలు పరుచుకుంటారు. తూర్పుపేట వారు, ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, గంజి కాచి బానలతో తెచ్చి ఆ చాపల చివర కూర్చుంటారు. అది వానల కాలం గనుక చాలా ఏళ్ళు వాన పడుతుంది. పడనిస్తారు. చివరి కీర్తన ముగిసేవరకు ఒక్కరూ గొడుగు విప్పరు.