మోదుగాకు దొప్ప

నల్లమద్ది అడవిలో జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, బొర్రన్న అనే అడవిపంది, పోలమ్మ అనే ముసలి కొండముచ్చు ఉండేవి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్వుకున్న ఒక్క చెలమలోనే కాసిని నీళ్ళు ఊరేవి.

చెలమ కాపలా అందరూ పోలమ్మకు అప్పగించారు. చిన్నవాళ్ళకు రోజూ మోదుగాకు దొప్పతో ఒకటి, పెద్దవాళ్ళకు రెండు. అందరికీ పోశాక పోలమ్మ ఒక దొప్పెడు నీళ్ళు నీడనున్న బండ గుంటలో పోసి, ఆకులు కప్పేది.

"ముసలిదానికి పిసినారితనం ముదిరింది. రెండు దొప్పలు నా పళ్ళు తడవడానికే చాలవు!" అని బొర్రన్న గొణిగేవాడు. "లోతుగా తవ్వితే బోలెడు నీళ్ళు!"

"వద్దు నాయనా. ఊరినంతే తోడాలి. ఇసుక గట్టు కూలిందా, అందరం పోతాం" అనేది పోలమ్మ.

ఒక మిట్టమధ్యాహ్నం ఎండ దెబ్బకు పోలమ్మకు కునుకు పట్టింది. అదను చూసి బొర్రన్న చెలమలోకి దిగి, కోరలతో ఎడాపెడా తవ్వాడు. గట్టు దబ్బున కూలింది.

"చచ్చాను! కాపాడండి!"

ఆ కేకకు పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. అందరూ కలిసి మెడదాకా కూరుకుపోయిన బొర్రన్నను బయటికి లాగారు. వాడి కోర ఒకటి విరిగింది. చెలమ ఉన్నచోట ఇసుక తప్ప ఏమీ లేదు.

అంతలో చుక్కల జింక పరుగెత్తుకొచ్చింది. "పోలమ్మత్తా! నా పిల్ల నాలుక వేలాడేసింది. కళ్ళు తెరవడం లేదు!"

'నేను నిద్రపోయాను. పాపం నాదే' అని పోలమ్మ కుమిలిపోయింది. బండ మీది ఆకులు తీసింది. రోజుకో దొప్పెడు దాచిన ఆ నీళ్ళు గుంటలో చల్లగా ఉన్నాయి. జింకపిల్ల నోట్లో ఒక్కో చుక్కే పోసింది. చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

మిగతావి అందరికీ తలా అరదొప్ప వచ్చాయి. బొర్రన్న దూరంగా తల దించుకుని నిలబడ్డాడు.

"రా, నీ వాటా తాగు" అంది పోలమ్మ.

"నాకూనా?"

"వాటా అంటే అందరికీ. తాగి, కొత్త చెలమ తవ్వు. నేను ఆపమన్నచోట ఆపు."

బొర్రన్న రెండు రోజులు ఒంటికోరతో తవ్వాడు. మూడోనాడు నీళ్ళు ఊరాయి. పోలమ్మ మొదటి దొప్ప వాడికే అందించింది.

బొర్రన్న తల అడ్డంగా ఊపాడు. "ముందు పిల్లకు పొయ్యి, పోలమ్మత్తా. నాకు ఆఖరున చాలు."

నీతి: కరువులో ఒక్కరు వాటాకు మించి ఆశపడితే అందరి గొంతూ ఎండుతుంది; ఉన్నది పంచుకుని, కొంత దాచుకుంటేనే అందరూ గట్టెక్కుతారు.