ఓడలమెరక మూతమ్మ తల్లి పెట్టెలు తెరిపించిన కథ

రేవు రోడ్డు మీద బస్సు దిగి, మడ చెట్ల నడుమ గట్టు వెంట అరకోసు నడిస్తే ఉప్పుటేటి ఒడ్డున ఎత్తుగా కనిపించే దిబ్బే ఓడలమెరక. అక్కడ వెలసిన తల్లి మూతమ్మ. గుడి చిన్నది. గోపురం లేదు. గర్భగుడికి తలుపులు పెట్టలేదు, పెట్టకూడదు. లోపల విగ్రహం ఉండదు. రెండు మూరల పొడవున్న మామిడిచెక్క పెట్టెమూత ఒకటి నిలబెట్టి ఉంటుంది. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన ఆ మూతే అమ్మవారు.

ఈ గుడిలోకి మూసి ఉన్న వస్తువేదీ వెళ్ళదు. సంచి విప్పాలి, క్యారేజీ గిన్నెలు విడదీయాలి, మందుల పొట్లమైనా సరే తెరిచి చూపాలి. కొబ్బరికాయ కూడా మూసి ఉన్నదే కనుక దాన్ని బయటే కొట్టి, రెండు చెక్కలూ చూసుకుని లోపలికి తీసుకువెళ్ళాలి. కొత్తవాళ్ళు దీన్ని పోలీసు తనిఖీ అనుకుని నొచ్చుకుంటారు. నొచ్చుకోవద్దు. హుండీ స్థానంలో ఇక్కడ ఉన్నది మూతలేని ఇత్తడి పళ్ళెం. పూజారికైనా ఇదే నియమం.

పూర్వం ఇక్కడ ఓడలు కట్టేవారు. ఏరు అప్పుడు లోతుగా ఉండేది. మూడు తెరచాపల ఓడలు మెరక దాకా వచ్చి నిలిచేవి. ఇక్కడి జనం ఆ ఓడల మీద బర్మాకు, మలక్కాకు, ఇంకా అవతల చీనా దేశంలోని కాంటన్ రేవుకు వెళ్ళేవారు.

ఆ కాలంలో చీనాను మంచూ వంశపు చక్రవర్తులు ఏలుతున్నారు. వాళ్ళకు ముందు మింగు వంశం వారు, ఆ ముందు మరొకరు. వంశాలు మారినా పరదేశి ఓడల మీద వాళ్ళ అనుమానం మాత్రం తరగలేదు. తెల్లదొరలు వర్తకానికి వస్తే ఒక్క కాంటన్ రేవు చూపించి, ఏటి ఒడ్డున ఒక్క వరుస ఇళ్ళు ఇచ్చి, ఆ వరుస దాటి ఊళ్ళోకి అడుగు పెట్టవద్దన్నారు. దొరలకు చీనా తేయాకు కావాలి, పట్టు కావాలి, పింగాణీ కావాలి. చీనావాళ్ళకు దొరల సరుకు ఏదీ అక్కరలేదు, వెండి ఇస్తేనే బేరం. దొరల వెండి తరిగిపోసాగింది. అప్పుడు వాళ్ళు మన దేశంలో పండిన నల్లమందును పెట్టెలకెత్తి అక్కడికి పంపడం మొదలుపెట్టారు. నల్లమందు ఇల్లిల్లూ తినేస్తోందని చక్రవర్తి దాన్ని నిషేధించాడు. అప్పటినుంచి ఆ పెట్టెలు వేరే పేర్లు పెట్టుకుని ప్రయాణం చేశాయి.

ఓడలమెరకలో పెమ్మాడి పోలేశు అనే సరంగు ఉండేవాడు. సరంగు అంటే ఓడ పనివాళ్ళందరికీ పెద్ద. అప్పుడీ దిబ్బ మీద రేవుతల్లి పేర ఒక గుంజ పాతి ఉండేది. ఓడ కదిలే ముందు సరంగు ఆ గుంజ దగ్గర నిలబడి, ఒక్కొక్క పెట్టె మూత మీద చెయ్యి వేసి, "ఇందులో ఉన్నది ఇదీ, దీనికి పూచీ నాదీ" అని చెప్పి పసుపుతాడు కట్టాలి. ఓడలమెరక పసుపుతాడు ఉన్న పెట్టెను కాంటన్‌లో విప్పకుండానే దించుకునేవారు. అంత నమ్మకం.

పోలేశుకు ఊళ్ళో మరో పేరు ఉంది, అనుమానాల పోలేశు. చేపలు కొంటే మొప్పలు ఎత్తి చూసేవాడు. తాడు కొంటే పురి విప్పి చూసేవాడు. ప్రతి పెట్టెనూ తెరిపించి చూసి గానీ తాడు కట్టేవాడు కాదు. రేవులో జనం నవ్వేవారు. అతని భార్య నూకాలు కూడా ఊరుకునేది కాదు.

"మా అమ్మ పంపిన చలిమిడి ముంత విప్పి వేలు పెట్టి చూశాడమ్మా ఈ మనిషి. అందులో పామున్నాదనుకున్నాడో ఏంటో," అని నీళ్ళరేవులో అందరిముందూ అనేది.

"పాము కాదే, బెల్లం తక్కువైందేమోనని," అనేవాడు పోలేశు.

ఒక ఏడు ఒక దొర తరఫున బేరాలు మాట్లాడే రంగప్ప అనే దుబాసీ ఇరవై పెట్టెలతో వచ్చాడు. మైనం పూసి లక్కముద్ర వేసిన మామిడిచెక్క పెట్టెలు. శ్రీగంధపు చెక్క అన్నాడు. పోలేశు ఒక పెట్టె మీద చెయ్యి వేసి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గంధం వాసన లేదు. తడిసిన గడ్డి కుళ్ళినట్టు ఏదో సన్నని వాసన.

"తెరవండి బాబూ," అన్నాడు.

రంగప్ప చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వాడు. "దొరగారి ముద్ర పగలగొట్టమంటున్నాడయ్యా మీ సరంగు. అత్తారింటి చలిమిడి అనుకున్నాడు కాబోలు."

రేవు రేవంతా గొల్లున నవ్వింది. చలిమిడి సంగతి దుబాసీ దాకా వెళ్ళిందన్నమాట. ఓడలో పనికి ఒప్పుకున్న నలభైమంది కూడా నవ్వారు. ఈ సరుకు పోతే ఆ ఏడాదికి వాళ్ళకు కూలి లేదు. పోలేశు ముఖం మాడిపోయింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి అతను తెరవకుండా తాడు కట్టాడు. ఇరవై పెట్టెలకూ ఇరవైసార్లు "ఇందులో ఉన్నది గంధం, దీనికి పూచీ నాదీ" అని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గుంజ వైపు కాక నీళ్ళ వైపు చూశాడని పెద్దలు చెబుతారు.

కాంటన్ ఏటిలో పడవల మీదే పుట్టి పడవల మీదే పోయే జనం ఉన్నారు. వాళ్ళలో లోక్ అనే ఇంటిపేరు గల ఒక ముసలామె ఓడల నుంచి సరుకు దించి ఒడ్డుకు చేర్చేది. మనవాళ్ళు ఆమెను లోకవ్వ అనేవారు. ఓడలమెరక ఓడ వస్తే మంచినీళ్ళు, ఆకుకూరలు ముందు ఆమే తెచ్చేది. పోలేశు ఏటా ఆమె పడవ ముక్కుకు ఒక పసుపుతాడు కట్టేవాడు. ఇద్దరికీ భాష కలవదు. రేవుల్లో తిరిగేవాళ్ళు మాట్లాడుకునే ముక్కలు పదో పన్నెండో చాలేవి.

ఆ ఏడు రేవు రేవులా లేదు. ప్రతి పడవనూ ఆపి చూస్తున్నారు. నల్లమందు దొరికితే ఆ పడవ మనిషికి తల దక్కదని చాటింపు వేశారు. దొరలు తమ వరుస ఇళ్ళలో తలుపులు వేసుకున్నారు. లోకవ్వ వచ్చి పెట్టెల వైపు చూసింది, తర్వాత తాళ్ళ వైపు చూసింది. "పోలే తాడు," అంది. అంతే, ఆరు పెట్టెలు పడవలోకి దింపుకుంది. పోలేశు నోరు తెరిచాడు. రంగప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. తెరిచిన నోరు మళ్ళీ మూసుకున్నాడు.

సగం దూరంలో చక్రవర్తి భటులు ఆమెను ఆపారు. పెట్టెలు విప్పమంటే లోకవ్వ విప్పనివ్వలేదు. ఈ తాడు కట్టినవాడు అబద్ధమాడడని వాళ్ళతో వాదించింది. వాళ్ళు గొడ్డలితో మూత లేపారు. లోపల తలకాయలంత నల్లటి ఉండలు ఆకుల్లో చుట్టి ఉన్నాయి. ఆమె మెడకు బరువైన చెక్కపలక తగిలించి ఒడ్డున కూర్చోబెట్టారు. మూడోనాటికి శిక్ష.

రంగప్ప ఓడలోకి పరుగున వచ్చాడు. "లంగరు ఎత్తించు పోలేశూ. కాగితాల్లో దొరగారి పేరు లేదు, నా పేరు లేదు. పట్టుబడింది ఆ ముసలిదే."

"తాడు ఉంది కదండీ," అన్నాడు పోలేశు.

"తాడుకు నోరుందా?"

"దానికి లేదనేగా నన్ను పెట్టారు."

అతను పడవ దింపించుకుని ఒడ్డుకు వెళ్ళాడు. చక్రవర్తి పంపిన అధికారి ఎదుట నిలబడి, ఆ తాళ్ళు కట్టినది తానేనని రెండు భాషలూ వచ్చిన ఒక మధ్యవర్తి చేత చెప్పించాడు. అధికారి అడిగింది రెండే ప్రశ్నలు.

"లోపల ఏముందో చూశావా?"

"చూడలేదు."

"చూడకుండా ఎందుకు కట్టావు?"

"నలుగురూ నవ్వుతారని కట్టాను," అన్నాడు పోలేశు తల వంచుకుని. అధికారికి అనుమానం తీరలేదు. ఓడలో మిగిలిన పద్నాలుగు పెట్టెలూ ఒడ్డుకు తెచ్చి నీ చేతులతోనే తెరువు, నీ చేతులతోనే నాశనం చెయ్యి, అప్పుడు ఆ ముసలామెకు లోపల ఏముందో తెలియదని నమ్ముతాను అన్నాడు.

రంగప్ప దొర ఇంట్లో దూరి తలుపు వేసుకున్నాడు. నలభైమంది పనివాళ్ళూ కూలి పోతుందని తెలిసి కూడా పెట్టెలు మోశారు. నవ్వినవాళ్ళు వాళ్ళే కదా. ఒడ్డున గుంట తవ్వి, ఏటినీళ్ళు నింపి, ఉప్పు పోసి, నల్లమందు ఉండలు పగలగొట్టి వేసి, పైన సున్నం కుమ్మరించారు. గుంట కుతకుత ఉడికింది. పోలేశు మోకాటి లోతు దిగి రెండు రోజులు పారతో కలిపాడు. సున్నానికి కాళ్ళు పొక్కి తోలు ఊడింది. మూడోనాడు పొద్దున గుంట నీళ్ళు ఏటి గుండా సముద్రంలోకి వదిలి, లోకవ్వ మెడ మీది పలక తీశారు.

పోలేశు ఆమె పడవ దగ్గరకు వెళ్ళాడు. ఆమె పడవ ముక్కుకున్న పసుపుతాడు విప్పి అతని చేతిలో పెట్టింది. గొడ్డలితో లేపిన పెట్టెమూత ఒకటి పడవలోనే పడి ఉంటే అదీ తీసి ఇచ్చింది. తర్వాత తెడ్డు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను మనవాళ్ళెవరూ చూడలేదు. ఆపైన దొరలు ఫిరంగుల ఓడలు తెచ్చి చీనా మీద యుద్ధం చేశారనీ, మూసిన రేవులను బలవంతాన తెరిపించారనీ కొన్నేళ్ళ తర్వాత మలక్కా నుంచి వచ్చినవాళ్ళు చెప్పగా విన్నారు.

ఇంటికి వచ్చాక పోలేశు ఆ మూతను అటక మీద పెట్టి ఎవరికీ చూపలేదు. ఒకనాటి మధ్యాహ్నం వల బాగుచేస్తూ కునుకు తీస్తే రేవుతల్లి కలలో కనిపించింది. "అనుమానం నేను నీకిచ్చిన కన్నురా పోలేశూ. ఎవరు నవ్వారని దాన్ని మూసుకున్నావు? నన్నెందుకు అటక మీద మూసిపెట్టావు? గుంజ పీకి ఆ మూతను నిలబెట్టు. నా ఎదుట ఇక ఏదీ మూసి ఉండకూడదు," అంది.

పోలేశు లేచి నూకాలుతో కల చెప్పాడు. ఆమె నవ్వలేదు. మూతకు పసుపు తానే పూసింది.

మరుసటి ఏడు రంగప్ప మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పెట్టెలు తెచ్చాడు. తెరవమన్నాడు పోలేశు.

"దొరగారి మీద నమ్మకం లేదా?"

"నమ్మకానికేం బాబూ, బోలెడుంది. మూతే అడ్డొస్తోంది."

ఈసారి రేవులో నవ్వినవాడు లేడు. రంగప్ప పెట్టెలు వెనక్కు తీసుకుపోయాడు. ఆ తర్వాత పెట్టెలు తెరిపించే రేవు మనకెందుకని చాలా ఓడలు వేరే రేవులకు మళ్ళాయి. ఏరు మేట వేసింది, ఓడలు కట్టే పని పోయింది. ఓడలమెరక పేదదైన మాట నిజం. తెరవకుండా తాడు కట్టినవాడు మాత్రం మళ్ళీ పుట్టలేదు.

నేటికీ ఫాల్గుణ పున్నమినాడు పోలేశు వంశం వారే తొలి పూజ చేస్తారు. వేటకు వెళ్ళే బోట్ల వాళ్ళు ఐసు పెట్టెలు, డీజిలు డబ్బాలు తెరిచి తల్లికి చూపించి తాడు కట్టించుకుంటారు. పెళ్ళివారు సారె పెట్టెలు తెరుస్తారు. పొలం కాగితాల మీద, అప్పు పత్రాల మీద సంతకం పెట్టేవారు ముందు వాటిని ఇక్కడికి తెచ్చి తల్లి ఎదుట పైకి చదువుతారు. చదువు రానివారు ఒకరి చేత చదివించుకుని, వేరొకరి చేత మరోసారి చదివించుకోవాలి. ఇద్దరూ ఒక్కటే చదివితేనే వేలిముద్ర. ఇలా చేసిన వారిని ఈ తల్లి మోసపోనివ్వదు, వారి చేత ఇంకొకరిని మోసం చేయించదు. రెండో వరమే పెద్దదని ఇక్కడివారి నమ్మకం.

తాడు కట్టించుకున్నాక గుడి వెనక్కు వెళ్ళి గుప్పెడు ఉప్పు ఏటిలో వేయడం మరువవద్దు. తూర్పుకు తిరిగి, "చూసే కట్టాను లోకవ్వా," అని పైకి అనాలి. ఆమె క్షమించిందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి ఒక్కరూ అంటారు.