నూకాలు అడిగిన ఊగే గూడు

కాలవగట్టున తాటితోపు. తోపులో అన్నిటికన్నా పొడుగు చెట్టుకి గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. గాలి వస్తే చాలు, చెట్టు చెట్టంతా ఉయ్యాలలే. ఆ చెట్టు కింద గడ్డిలో నూకాలు అనే పూరేడు పిట్ట పొద్దస్తమానం తలెత్తి ఆ గూళ్ల వంకే చూసేది. మెడ నొప్పెట్టేది గానీ ఆశ తీరేది కాదు. నిరుడు నేలమీద పెట్టిన గుడ్లన్నీ నక్క బావ తినేసి పోయాడు. మర్యాదస్తుడు, పెంకులు మాత్రం మిగిల్చాడు. ఇప్పుడు మళ్లీ గుడ్లు పెట్టే వేళయింది. ఈసారైనా పిల్లలు కళ్లముందు తిరగాలి. అందుకు ఊగే గూడొక్కటే దారని నూకాలు మనసులో నాటుకుపోయింది.

తోపులో ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోకూడదు. ఒకప్పుడు కట్టుకునేవాళ్లు. ముంగిస తనకి తోచినట్టు గట్టు మొదట్లో కన్నం తవ్వితే, గట్టు తెగి అందరి ఇళ్లూ కొట్టుకుపోయాయి. అప్పట్నించి ఇల్లు కావాలంటే ముసలి గిజిగాడు మేస్త్రి దగ్గరికే వెళ్లాలి. వెళ్లి బొరియ కావాలి, తొర్ర కావాలి అనకూడదు. ఉండేదెవరో, దేనికి భయమో చెప్పాలి. ఏ ఇల్లో తేల్చేదీ, కట్టించేదీ మేస్త్రే. ఆయన కట్టడానికి జమ్ముగడ్డి మానేసి తాటిపీచు పట్టినా అడిగినవాళ్లకి ఆ గొడవ అక్కర్లేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ పద్ధతికి ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకుని మురిసిపోతారట. తోపులో పేరూ లేదు, మురిపెమూ లేదు, వరసలో నిలబడ్డమే.

నూకాలూ నిలబడింది.

"ఏం తల్లీ, ఏ పనిమీద వచ్చావు?" అన్నాడు మేస్త్రి.

"ఊగే గూడు కావాలండి."

"ఇంటి రకం చెప్పేవాళ్లకి నా దగ్గర ఇల్లు లేదమ్మా. నీ భయమేంటో చెప్పు."

నూకాలు నోరు తెరిచింది. సరిగ్గా వెనకాలే నక్క బావ కూర్చుని చెవి గోక్కుంటున్నాడు. తెరిచిన నోరు మూతపడింది.

"భయమా? ఏమీ లేదండి."

"భయం లేనివాళ్లకి ఇల్లెందుకు? ఆలోచించుకుని రా."

నూకాలు తిరిగి వస్తుంటే నక్క బావ వెంటబడ్డాడు.

"ఏం మరదలా, ముసలాడికి చాదస్తం ముదిరింది. ఒక గూడు ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలా? నన్నడుగు. నువ్వేదంటే అదే ఇస్తాను."

"మీరా బావా?"

"నిరుటి సంగతి మనసులో పెట్టుకోకు. ఆకలికి కళ్లు కనపడవు కదా! ఇప్పుడు ఏకాదశి ఉపవాసాలు కూడా ఉంటున్నాను."

కుక్కతోక వంకరని నూకాలుకి తెలియనిది కాదు. కానీ ఆశ చెడ్డది. తలూపింది.

గాలివానకి రాలిపడిన పాత గూడొకటి నక్క బావ నోట కరుచుకొచ్చి రేగుపొద ముళ్లకి తగిలించాడు. తన మూతికి అందేంత ఎత్తులోనే తగిలించాడు.

నూకాలు లోపలికి దూరింది. గాలి వచ్చింది, గూడు ఊగింది. ఎన్నాళ్ల కోరికో! కళ్లు చెమర్చాయి. ఈ ఊపులోనే పిల్లల్ని పొదగాలనుకుంది. అనుకుంటూ కిందికి చూసింది. ఆ గూటికి వాకిలి అడుగునే ఉంటుంది. గిజిగాడి పిల్లలు రెక్కలొచ్చేదాకా లోపలే నోళ్లు తెరుచుకుని ఉంటాయి గనక వాటికి సరిపోతుంది. పూరేడు పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి. ఇక్కడ అడుగు వేస్తే తిన్నగా నేలమీదే పడతాయి. నేలమీద గడ్డి అప్పుడే నలిగి ఉంది, ఎవరో పడుకుని చోటు చూసుకున్నట్టు. నూకాలు గబుక్కున బయటికి దూకేసింది.

మిట్టమధ్యాహ్నం నక్క బావ కునుకు తీసే వేళ చూసి మేస్త్రి దగ్గరికి పరిగెత్తింది.

"నక్కండి! నా భయం నక్క బావేనండి," అంది రొప్పుతూ.

"అలా చెప్పు. ఉండేదెవరు?"

"నేనూ, పుట్టిన రోజే నడిచే నా పిల్లలూనండి."

"అయితే నీ ఇల్లు నేలమీదే. ఎవరికీ కనపడని ఇల్లు."

నూకాలు తల వాల్చేసింది. "మళ్లీ నేలేనాండి?"

మేస్త్రి దగ్గరికి జరిగి, "ఊగే గూట్లో నీకేం నచ్చిందమ్మా?" అన్నాడు.

ఆ మాట నూకాలుని ఎవరూ అడగలేదు, తనను తానూ ప్రశ్నించుకోలేదు.

"గాలండి. అందులో ఉంటే, గాలి నన్ను కూడా పలకరించినట్టుంటుందండి."

మేస్త్రి గట్టు వారగా రెల్లుదుబ్బు మొదట్లో చిన్న గుంట చేయించి మెత్తటి గడ్డి పరిపించాడు. పైకప్పుకి మాత్రం ఆయనే పూనుకుని, బతికున్న రెల్లుపోచలనే ఒకదాంతో ఒకటి అల్లాడు. పని ముగించి ముక్కు తుడుచుకుంటూ అన్నాడు.

"ఆ రేగుపొద గూడు ఖాళీగా ఉంచకూడదు. వానకి తడవని చోటు కావాలని, మూతులు దూర్చేవాళ్లంటే భయమని ఒక గుంపు వరసలో కాసుకుని ఉంది. వాళ్లకిచ్చేస్తాను."

కొన్నాళ్లకి నక్క బావ లొట్టలేస్తూ ఎదురయ్యాడు.

"ఏం మరదలా, గూడు నిండిందా?"

"నిండిపోయింది బావా. కాలు పెట్టడానికి కూడా చోటు లేదు."

నక్క బావ ఒక్క పరుగున పోయి వాకిట్లో మూతి లోపలికంటా దూర్చాడు. లోపలున్నది కందిరీగల కాపురం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు మరి! బూరెలా పొంగిన మూతితో కుయ్యోమని కాలవలో దూకాడు. ఆ పూట నిజంగానే ఉపవాసం ఉన్నాడు.

నూకాలు గుడ్లు పగిలాయి. పిల్లలు ఆ రోజే బుడిబుడి అడుగులేశాయి. అయినా సాయంత్రమైతే నూకాలు తల తాటిచెట్టు వైపే తిరిగేది. ఒకనాడు దాని చూపు వెంటే చూసిన చిన్న పిల్ల, "అమ్మా, మనిల్లు కూడా అలా ఊగితే ఎంత బాగుండునో!" అంది.

నూకాలు పిల్లని లోపలికి తీసుకెళ్లి రెక్క కింద పడుకోబెట్టింది.

"గాలి వచ్చేదాకా ఉండి, పైకి చూడు," అంది.

గాలి వచ్చింది. తలమీద కప్పంతా మెల్లగా ఊగింది.

నీతి: రకం చెప్పి అడిగినవాడికి రకమే దక్కుతుంది, అక్కర విప్పి చెప్పినవాడికి ఇల్లు దక్కుతుంది.