వీరడి పథ్యం

పెంటయ్య ఇంట్లో తెలివికి లోటు లేదని ఊళ్ళో ఎవరూ అనకపోయినా పెంటయ్య రోజూ అనేవాడు. "మనకి ఒక్కసారి సెబితే సాలు. మళ్ళీ అడగం, ఆలోసించం!" పెళ్ళాం సన్నాసమ్మ మురిసిపోయేది.

బిడ్డల్లేని సన్నాసమ్మకి కుక్క వీరడే కొడుకు. పెంటయ్య చేపల పడవ ఒడ్డుకి రాగానే వాడికో పచ్చి చేప విసిరేది. ఓ పొద్దున వాడు కక్కుకుని, మూలుగుతూ పడిపోయాడు. పాపం, మొగుడూ పెళ్ళాం వాణ్ణి పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళారు.

డాక్టరు మందు పోసి, "పచ్చి చేపలో పురుగులుంటాయి. ముల్లు పేగులో దిగితే ప్రాణానికే ముప్పు. ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టండి. పచ్చి చేప వీడి కంట పడనివ్వకండి" అన్నాడు.

అంతే! మర్నాడు పెంటయ్య పడవలోనే పొయ్యి పెట్టాడు. పడ్డ చేపనల్లా గంగాళంలో ఉడకబెట్టి ఒడ్డుకి తెచ్చాడు. వేలంపాటకి వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వారు.

"ఏం పెంటయ్యా, పులుసు కూడా పెట్టేసి తేకపోయావా?"

"రేపు తెత్తాం లెండి," అంది సన్నాసమ్మ.

ఇంతలో వీరడు వలని వాసన చూస్తున్నాడు. చూస్తే కంతల్లో ఇరుక్కున్న చేపలన్నీ పచ్చివే!

"మావా, బిడ్డ సచ్చిపోతాడు!"

ఇంకేముంది, వలని కూడా గంగాళంలో కుక్కి మంట ఎగదోశారు. నీళ్ళన్నీ ఇగిరిపోయి, నైలాను వల కాస్తా కరిగి ముద్దయింది. పెంటయ్య గరిటెతో పొడిచి, "ఇంకా గట్టిగానే ఉందే!" అన్నాడు.

సన్నాసమ్మ ఏడుస్తూ డాక్టరు దగ్గరికెళ్ళింది. "సేపలుడికించినాం బాబూ. వలా ఉడికించినాం. నా బిడ్డ బతకాలంటే ఇంకేటి ఉడికించాల?"

డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "ఇంక మిగిలింది సముద్రమే కదమ్మా! అదీ ఉడకబెట్టేయండి!"

"అదీ నిజమే! పచ్చి సేపలన్నీ అక్కడే కదా!" అనుకుంటూ ఆవిడ పరుగున ఇంటికొచ్చింది.

అంతే, ఒడ్డున పొయ్యి వెలిగింది. సన్నాసమ్మ నీళ్ళు మరగబెట్టడం, పెంటయ్య బిందెలతో మోసి అలల్లో పొయ్యడం. వీరడు మాత్రం ఉడికిన చేపలు తిని, హాయిగా ఇసకలో పొర్లుతున్నాడు.

పొద్దువాలేసరికి పెంటయ్య సముద్రంలో వేలు ముంచి, నాలిక మీద వేసుకుని చప్పరించాడు.

"ఎలాగుంది మావా?" అని అరిచింది సన్నాసమ్మ ఆత్రంగా.

"ఉప్పు సరిపోయిందే! ఇక ఉడకడమే తరువాయి."