తలుపు పాఠం

అప్పలాచారి మేస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన దగ్గర ఇంగ్లీషు చదివించడం నేర్చుకుంటున్న హైమకి ఆ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ శనివారం ఉండబట్టలేక అడిగేసింది.

"ఎంత చెప్పినా బుర్రకెక్కని పిల్లని ఏం చెయ్యాలి మేస్టారూ?"

పిల్ల పేరు నూకాలు. ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ కూతురు. ఇంగ్లీషు మాటని ముక్కలుగా విడదీసి చదవడానికి హైమ ముచ్చటైన పాఠమే కట్టింది మరి. ముక్క చివర అచ్చు ఉంటే తలుపు తీసి ఉన్నట్టు, గొంతు సాగుతుంది: 'హీ'. దాని వెనక హల్లు వచ్చి నిలబడితే తలుపు మూసినట్టు, గొంతు పొట్టిదవుతుంది: 'హెన్'. బోర్డు మీద తలుపు బొమ్మ కూడా వేసింది. అందరూ పట్టేశారు. నూకాలు మాత్రం 'హెన్'ని కూడా సాగదీసి 'హీన్' దగ్గరే ఉండిపోయింది. సోమవారం నుంచి దాన్ని కింది తరగతిలో కూర్చోబెడతానని హైమ అనేసింది. ఆ మాట విన్నాక పిల్ల అసలు నోరే విప్పడం లేదు. హైమకి అదే గుచ్చుకుంటోంది.

మేస్టారు చెప్పులు వేసుకున్నారు. హైమ ఆయన వెనకే నడిచింది.

ఉప్పుమడుల పక్కన తాటాకు పాకలు. నూకాలు వాళ్ళ పాక ముందు ఆగి, "తలుపు కొట్టమ్మా" అన్నారు.

హైమ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది. ఆ వరసలో అన్ని పాకలకీ అంతే. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది.

నూకాలు పాక వెనక తల్లికి సాయం చేస్తోంది. మడిలోకి నీరు పారే సందుని వాళ్ళు మడవ అంటారు. మడి నిండగానే పిల్ల ఇంత బురద తీసి మడవలో వేసి, మడమతో తొక్కింది. నీరు ఠక్కున ఆగిపోయింది. వెంటనే పక్క మడవ తెరిచింది.

హైమ వెళ్ళి గట్టు మీద చతికిలబడింది. చీర తడుస్తున్నా పట్టించుకోలేదు. పారే నీటిని చూపించి, "హీ..." అంది మెల్లిగా. నూకాలు అనుమానంగా చూసి, తనూ సాగదీసింది. హైమ బురద వైపు చూపించింది. పిల్ల మడవ మూసి తొక్కి, నీళ్ళకేసే చూస్తూ అంది.

"హెన్."

హైమకి కళ్ళు చెమర్చాయి. "ఇది నా తరగతిలోనే ఉంటుంది మేస్టారూ."

"ఉంటుందిలే," అన్నారాయన గట్టు దిగుతూ. "ఇంతకీ బోర్డు మీద వేశావే, ఆ తలుపు ఎవరింటిదమ్మా?"